మూతికట్టు మాట నిజమే
కుక్కల కోసం ఇంట్లో ఉంచుకునే ఫస్ట్ ఎయిడ్ కిట్‌లో దూది, కట్టుగుడ్డతో పాటు మూతికట్టు (కరవకుండా మూతికి కట్టే పట్టీ) కూడా ఉండాలని మీ వ్యాసంలో రాశారు, అది నూటికి నూరుపాళ్లు నిజం. పోయిన దీపావళికి మా రాజా టపాసుల చప్పుడుకి బెదిరి, గేటు సందులోంచి దూరబోయి ముందుకాలి గోరు మొదలంటా విరగ్గొట్టుకుంది. వరండా అంతా నెత్తురే. ఏడేళ్లుగా నా చేతిముద్ద తిన్న కుక్క, కాలు పట్టుకోబోతే నా మణికట్టే కొరికింది! చివరికి మా ఆవిడ పాత చున్నీ మూతికి చుట్టి పట్టుకుంటే, నేను శుభ్రమైన గుడ్డతో కదలకుండా అదిమి పెట్టాను. పది నిమిషాలకి ఆగింది. దానికి కట్టు, నాకు యాంటీ రేబిస్ ఇంజెక్షన్లు. అయితే వాంతులవుతున్నా, ఆయాసపడుతున్నా మూతి కట్టకూడదని కూడా రాయాల్సింది. అన్నట్టు, పక్కింటాయన నొప్పికని ఐబుప్రొఫెన్ తెచ్చాడు. మనకి మందే, కుక్కకి విషం.