బియ్యం ఇచ్చాం కాబట్టి నాటకం ఊరికే ఆడాలా?

"కరోనా టైంలో మీ ఇంటికి బియ్యం పంపించాం కదా మాస్టారూ, ఈసారి నవమికి నాటకం ఊరికే ఆడించండి." నిన్న రాత్రి మా ఉత్సవ కమిటీలో ఒక పెద్దమనిషి నోట్లోంచి వచ్చిన మాట ఇది. అన్నది ఎవరితో? బతుకంతా హార్మోనియం పెట్టె మీదే గడిపిన మనిషితో. ఆయన గొడవెందుకని "చూద్దాంలే బాబూ" అని ఊరుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ బియ్యం సంగతి నాకు బాగా గుర్తుంది. ఐదు కిలోల సంచి, కిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్. ఇచ్చేటప్పుడు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, మొహం కనపడాలి, మాస్కు కిందికి లాగండి అని చెప్పి మరీ ఫొటో తీశారు. జనం దగ్గాలన్నా భయపడుతున్న రోజుల్లో! ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. పద్యానికి శ్రుతి అందుకుని వందల మంది చేత వన్స్‌మోర్ అనిపించిన మనిషి, ఆ తర్వాత చాలా రోజులు బజారులోకి రాలేదు. ఆకలి మీదున్నవాళ్లకు సాయం చేశారు, మంచి పనే, కాదనను. కానీ అప్పుడిచ్చింది సాయమా, ఇప్పటి నాటకానికి బయానానా? ఆ ముక్క అప్పుడే చెప్పి ఉంటే ఆయన తీసుకునేవారే కాదు.

నాటకాల వాళ్లకు ఏడాది పొడుగునా పని ఉండదు. శివరాత్రి తిరునాళ్లు, ఉగాది, శ్రీరామనవమి, ఆపైన వేసవి జాతర్లు. ఆ నాలుగు నెలల్లో వచ్చిందే ఏడాదంతా తినాలి. 2020లో లాక్‌డౌన్ సరిగ్గా ఉగాది రోజే, మార్చి 25న మొదలైంది. ఏప్రిల్ 2న నవమి. ఒప్పుకున్న నాటకాలన్నీ ఒక్కో ఫోన్‌తో రద్దయిపోయాయి. పోనీ వచ్చే ఏడాది చూసుకుందాం అనుకుంటే, 2021 ఏప్రిల్, మే నెలల్లో సెకండ్ వేవ్ వచ్చి పడింది. వరసగా రెండు సీజన్లు ఎగిరిపోయాయి. మధ్యలో ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు మాత్రం జరిగాయి. ప్రచారాలకు, ఊరేగింపులకు డప్పులు కావాల్సి వచ్చాయి, జనం గుంపులుగా తిరిగారు. నాటకం పెట్టుకుంటామని అడిగితే మాత్రం మా ఊళ్లో పర్మిషన్ లేదన్నారు.

2020లో మన ఆంధ్రప్రదేశ్‌లో దర్జీలకు, రజకులకు, నాయీ బ్రాహ్మణులకు 10 వేలు ఇచ్చారు. అర్చకులకు, ఇమాంలకు, పాస్టర్లకు 5 వేలు ఇచ్చారు. ఇవ్వాల్సిందే, వాళ్లవీ కష్టాలే. కేంద్రం వీధి వ్యాపారులకు 10 వేల అప్పు పథకం పెట్టింది. మరి హార్మోనిస్టు ఏ ఖానాలోకి వస్తాడు? తబలా వాయించేవాడు? కిరీటాలు, డ్రెస్సులు అద్దెకిచ్చేవాడు? మాతో హరిశ్చంద్రుడి వేషం కట్టే ఆయన కూరగాయల బండి తోశాడు. బండి తోశాడు కాబట్టి వ్యాపారి కింద అప్పుకు అప్లై చేసుకోగలిగాడు. నటుడిగా ఆయనకు ఏ కాగితమూ లేదు.

2020 జనవరిలో పద్యనాటక నటుడు యడ్ల గోపాలరావు గారికి, నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఎంత సంబరపడ్డామో! హరిశ్చంద్ర నాటకంలో గోపాలరావు గారు కట్టే నక్షత్రకుడి వేషానికి పద్మశ్రీ అంటే మా నాటకాల వాళ్లందరికీ వచ్చినట్టే అనుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే స్టేజీలన్నీ మూతపడ్డాయి. ఆ ఏడాది పద్మ పురస్కారాలు ఇచ్చే సభ కూడా 2021 నవంబరు దాకా జరగలేదు. పురస్కారం ఆలస్యమైతే ఏమీ కాదు. రోజు కూలి ఆలస్యమైతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇంకా ఒళ్లు మండేది ఏమిటంటే, ఆ రోజుల్లో చేతులు కడుక్కోండి, దూరం పాటించండి అని ఊరూరా పాట కట్టి చెప్పడానికి జానపద కళాకారులే కావాల్సి వచ్చారు. బుర్రకథ వరసలో కరోనా పాట పాడించుకుని, వీడియో తీసి, లైకులు కొట్టించుకున్నారు. పాడినవాళ్లకు ఎంతిచ్చారని ఒక్కరైనా అడిగారా? ఇంట్లో కూర్చున్న మనకు పొద్దుపోవడానికి ఫేస్‌బుక్ లైవ్‌లో పద్యాలు పాడించుకున్నాం. చివర్లో చప్పట్ల బొమ్మ పెట్టి ఫోన్ పక్కన పడేశాం.

నిన్నటి మీటింగులోనే లెక్కలు చదివారు. పందిరికి అడ్వాన్స్ ఇచ్చేశారట. లైటింగ్‌కు ఇచ్చేశారట. డీజేకు సగం ముందే కట్టారట, లేకపోతే రానన్నాడట. మరి నాటకం దగ్గరికి వచ్చేసరికే భక్తి, సేవ, ఊరి మీద అభిమానం అన్నీ గుర్తుకొస్తాయేం? డీజే అబ్బాయిని రాముడి సేవగా ఊరికే వాయించమని అడగండి చూద్దాం.

అసలు నా కడుపుమంట ఈ నవమి గురించి కూడా కాదు. 2020 శివరాత్రికి ఇదే కమిటీ నాటకం ఆడించింది. లాక్‌డౌన్‌కు ముందు మా ఊళ్లో పడిన చివరి నాటకం అదే. సగం డబ్బు చేతిలో పెట్టి, మిగతాది నవమికి కలిపి ఇస్తామన్నారు. నవమి జరగలేదు, డబ్బూ రాలేదు. ఆ రాత్రి కృష్ణుడు కట్టిన ఆయన సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ బెడ్ దొరక్క చనిపోయారు. ఇదే కమిటీ సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ పెట్టి, "కళామతల్లి ముద్దుబిడ్డకు కన్నీటి నివాళి" అని రాయించింది. ఆ ఫ్లెక్సీ ఖర్చు కమిటీ పద్దులో ఉంది. ఆయనకు ఇవ్వాల్సిన బాకీ మాత్రం ఆ పద్దులో లేదు.

ఆయన భార్య ఇప్పటికీ అదే వీధిలో ఉంటుంది. ముందు ఆ బాకీ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టండి. మాస్టారికి ఇవ్వాల్సింది కూడా వడ్డీ లెక్క చూసి ఇచ్చేయండి. అంతవరకు నాటకం ఆడండని అడిగే హక్కు మీలో ఎవరికీ లేదు.