డెప్ గెలిచారు సరే, ఆ 20 లక్షల సంగతి?

తాను గృహహింస బాధితురాలినన్న మాజీ భార్య, నటి ఆంబర్ హెర్డ్‌పై హాలీవుడ్ నటుడు జానీ డెప్ వేసిన పరువునష్టం కేసులో జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) నిజాన్ని తేల్చేసిందని, ఆమె చెప్పినదంతా అబద్ధమేనని మీ వ్యాసకర్త రాశారు. నాకు అంత తేలికగా మింగుడుపడటం లేదు. 2022 జూన్ 1న వర్జీనియాలో ఏడుగురు సభ్యుల జ్యూరీ డెప్‌కు కోటిన్నర డాలర్లు ఇమ్మంది (రాష్ట్ర చట్టంలోని పరిమితి వల్ల తర్వాత కోటీ మూడున్నర లక్షలకు తగ్గింది). అదే జ్యూరీ హెర్డ్‌కూ 20 లక్షలు ఇప్పించింది. ఎందుకు? ఆమె, స్నేహితులు కలిసి కాస్త వైన్ ఒలకబోసి, ఇల్లు చిందరవందర చేసి, కట్టుకథ అల్లి పోలీసులను పిలిచారని డెప్ లాయరు పత్రికతో అన్నారు. ఆ మాట పరువునష్టమేనని జ్యూరీయే అంది. మరి ఆమె చెప్పినదంతా అబద్ధమని ఎలా సరిపెట్టుకోవాలి?

డెప్ భార్యను కొట్టేవాడని రాసిన ‘ది సన్’ పత్రికపై ఆయన వేసిన దావాను 2020లో లండన్‌లో జ్యూరీ లేకుండా విన్న జడ్జి, ఆ రాతలు చాలావరకు నిజమేనన్నారు. అక్కడ ప్రతివాది పత్రిక, హెర్డ్ కాదు. ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ వర్జీనియాలో ఆరు వారాలు విచారణ టీవీలో నడుస్తుంటే, జ్యూరీ సభ్యులు రోజూ ఇళ్లకు వెళ్లారు. ఈ కేసు గురించి ఫోన్లలో ఏమీ చూడొద్దని జడ్జి చెప్పారట. పరీక్షల ముందు మా పిల్లలకు మేమూ అదే చెబుతాం.