యాన్ ఎలియట్‌కి లేని నోరు తగిలించారు

ఇప్పుడే మా పిన్ని కూతురు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. "అక్కా, నువ్వు చదవమని పోరు పెట్టిన పర్సుయేషన్ సినిమాగా చూసేశా. హీరోయిన్ భలే ఫన్నీ! ఇక పుస్తకం అక్కర్లేదు." ఫన్నీ అట. జేన్ ఆస్టెన్ నవల పర్సుయేషన్‌లోని యాన్ ఎలియట్ ఫన్నీ అట!

2022లో వచ్చిన డకోటా జాన్సన్ సినిమా అది. గౌన్లేమో రెండొందల ఏళ్ల నాటివి, మాటలేమో ఇన్‌స్టా రీల్‌వి. సీసా ఎత్తి వైన్ తాగడం, చంకలో కుందేలు, మాటిమాటికీ కెమెరా వైపు తిరిగి మనతో జోకులు. జేన్ ఆస్టెన్ రాసిన యాన్‌కి 27 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట పెద్దల మాట విని, ప్రేమించిన వెంట్‌వర్త్‌ని వదులుకుంది. ఇప్పుడు అతను అదే గదిలో ఉంటాడు. అందరూ డాన్స్ చేస్తుంటే ఈవిడ పియానో వాయిస్తూ కూర్చుంటుంది. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఎవరూ చూడకపోతే అదే చాలనుకుంటుంది. అన్నీ కెమెరాకి చెప్పేసుకునే మనిషికి చివర్లో వెంట్‌వర్త్ రాసే ఆ ప్రేమ ఉత్తరం ఎందుకండీ, వాయిస్ మెసేజ్ సరిపోదూ?

ఒకప్పుడు అంత దగ్గరైనవాళ్లు ఇప్పుడు పరాయివాళ్ల కన్నా అధ్వాన్నం, ఇక కొత్తగా పరిచయం కూడా చేసుకోలేరు అనుకుంటుంది యాన్ పుస్తకంలో. కడుపులో దేవినట్టుంటుంది ఆ వాక్యం. సినిమాలో ఏమైందో తెలుసా? "ఎక్స్‌ల కన్నా అధ్వాన్నం, మేం ఫ్రెండ్స్‌మి."

మార్చొద్దని ఎవరన్నారు? 1995లో క్లూలెస్ సినిమా వాళ్లు ఆస్టెన్ ఇంకో నవల హీరోయిన్ ఎమ్మాని అమెరికాలో బెవర్లీ హిల్స్ స్కూల్లో కూర్చోబెడితే నేనే పదిమందికి చూపించా. 2000లో తమిళం నుంచి మనకి డబ్ అయిన ప్రియురాలు పిలిచింది కూడా ఆస్టెన్ కథే. ఇల్లు చేజారాక తల్లీకూతుళ్లు చెన్నై వెళ్లి ఉద్యోగాలు వెతుక్కుంటారు. కాలం మారింది, కష్టం మారలేదు. టబు కెమెరా వైపు తిరిగి కన్ను కొట్టిందా? నోరు మూసుకునే కదా మనల్ని ఏడిపించింది!

అసలు నెమ్మదైన ఆడపిల్లంటే ఎవరికీ పడదు, అదీ సంగతి. నా పెళ్లిచూపులకి వచ్చినావిడ నేనిచ్చిన పకోడీలు తింటూనే, నా ముందే, "అమ్మాయికి నోట్లో నాలుక లేదండీ, కాస్త డల్" అంది మా అమ్మతో. మా పిన్ని (అవును, ఈ ఫన్నీ పిల్ల తల్లే) నన్ను వెనకేసుకు రావాల్సింది పోయి, "కాస్త నవ్వుతూ మాట్లాడవే" అని మోచేత్తో పొడిచింది. ఆ అబ్బాయి మాట్లాడిందేమో రెండే ముక్కలు: ప్యాకేజీ ఎంత, హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ దొరుకుతుందా. అతన్ని మాత్రం బుద్ధిమంతుడన్నారు.