అడుగుల లెక్క సరే, పని గంటల లెక్క ఏది?

ఉద్యోగుల చేత రోజూ అడుగులు లెక్కపెట్టించడం, నిద్ర గురించి ఉపన్యాసాలు ఇప్పించడం వంటి వెల్‌నెస్ కార్యక్రమాల వల్ల వారి ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పే యాజమాన్యాలు, అందులో చేరినవారు అంతకుముందు ఎలా ఉండేవారన్న సంగతిని సాధారణంగా పట్టించుకోవు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2016లో పరిశోధకులు దాదాపు 5,000 మంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విడదీసి, ఒక వర్గానికి మాత్రమే ఇలాంటి కార్యక్రమంలో చేరే అవకాశం ఇచ్చారు. తీరా చూస్తే, చేరినవారి వైద్య ఖర్చు చేరకముందే మిగతావారికంటే తక్కువగా ఉంది. అందుకే చేరినవారిని చేరనివారితో పోల్చినప్పుడు కార్యక్రమం గొప్పగా పనిచేసినట్టు కనిపించినా, అవకాశం దక్కిన వర్గం మొత్తాన్ని దక్కని వర్గంతో పోల్చేసరికి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ఆరోగ్యవంతులను ఒకచోట చేర్చడాన్నే ఆరోగ్యం పెంచడంగా లెక్కరాసుకుంటున్నారన్నమాట.

ఒక పెద్ద రిటైల్ సంస్థకు చెందిన 160 కేంద్రాల్లో జరిగిన మరో అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కార్యక్రమం నడిచిన కేంద్రాల్లో వ్యాయామం చేస్తున్నామని, బరువు చూసుకుంటున్నామని చెప్పినవారు పెరిగారు గానీ, పద్దెనిమిది నెలల తర్వాత కూడా రక్తపోటు, కొలెస్ట్రాల్, సెలవుల సంఖ్య మిగతా కేంద్రాల కంటే భిన్నంగా ఏమీ లేవు.

అలాగని యాజమాన్యాలు ఆరోగ్యం కోసం ఇచ్చే నగదు బహుమతుల వంటి ప్రోత్సాహకాలు ఎక్కడా పనిచేయవని తేల్చేయడం తొందరపాటే. అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగుల్లో పొగతాగే 878 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. గరిష్ఠంగా 750 డాలర్ల బహుమతి ఉన్న వర్గంలో 14.7 శాతం మంది మానేసినట్టు పరీక్షలో తేలగా, బహుమతి లేని వర్గంలో అది 5 శాతమే. డబ్బు ఇవ్వడం ఆగిన ఆరు నెలలకు ఈ అంకెలు 9.4కు, 3.6కు తగ్గినా తేడా మాత్రం నిలిచింది. సిగరెట్ మానడం తేల్చి చెప్పగలిగిన పని; మానారో లేదో పరీక్షలో తెలిసిపోతుంది, బహుమతి దేనికో యాజమాన్యానికీ ఉద్యోగికీ స్పష్టం. నిద్ర, తిండి, బరువు అలాంటివి కావు. అవి రోజు మొత్తం ఎలా గడుస్తుందన్న దానితో ముడిపడి ఉంటాయి. ఆ రోజులో పెద్ద భాగం యాజమాన్యం చేతిలోనే ఉంటుంది.

బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై దశాబ్దాలుగా సాగిన వైట్‌హాల్ అధ్యయనాలు, తమ పనిపై తమకు అదుపు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పు ఎక్కువని చూపాయి. కాబట్టి అర్ధరాత్రి మెయిల్‌కు జవాబు ఆశించే సంస్థ, అదే ఉద్యోగికి పొద్దున్నే నిద్ర ప్రాముఖ్యంపై ఉపన్యాసం ఏర్పాటు చేస్తే అతను నవ్వుకోవడంలో వింతేమీ లేదు. ఆ ఉపన్యాసానికయ్యే ఖర్చును షిఫ్టుల పట్టికను కొన్ని వారాల ముందే ఖరారు చేయడానికి, భోజన విరామంలో సమావేశాలు లేకుండా చూడటానికి వెచ్చించి, ఆ తర్వాత రక్తపోటు కొలిచి చూడవచ్చు.