పుండు చూడాల్సింది పురుగు పడకముందు

వానలు పడ్డయంటే దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ దిక్కు ఏ గొర్ల దొడ్డికి పోయినా ఒకటే మాట, పుండుల పురుగులు పడ్డయని. ముండ్లకంప గీసుకున్న గీత, పిడుదు కొరికిన చోటు, చెవి ట్యాగు బెజ్జం, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు, గంత చాలు పుండు మీద గుడ్లు పెట్టే ఈగకి. అంచుమీద 150 నుంచి 200 గుడ్లు పెట్టి పోతది, ఒక దినంలనే పిల్లలై తల లోపలికి తోక బయటికి పెట్టి బతికున్న కండనే తింటయ్, ఆరేడు రోజులకి నేలమీద పడి మట్టిల దూరి మళ్లీ ఈగలైతయ్. అంటే ఒక్క గొర్రెని పట్టించుకోకపోతే మూడు వారాల్లో దొడ్డి మొత్తానికి ముప్పే.

పురుగు కనబడంగనే మనోళ్లు పెట్రోలో ఫినాయిలో పోస్తరు. కొన్ని పురుగులు బయటికొస్తయ్ నిజమే, కానీ మంచి కండ కాలి పుండు ఇంకింత పెద్దగైతది, ఆ వాసనకి మళ్లీ ఈగ. పెద్దోళ్లు సీతాఫలం ఆకు నూరి కట్టేటోళ్లు, బాలానగర్ సీతాఫలం మన పాలమూరుదే కాబట్టి ఆకుకేం కొదవలేదు, గింజల పొడి జోలికి మాత్రం పోవద్దు, కంట్లో పడితే చూపుకే ఎసరు. డాక్టర్లు చెప్పేది టర్పెంటైన్ నూనెల ముంచిన దూది పుండుల పెట్టమని, ఊపిరాడక పురుగులు పైకొస్తయ్, ఒక్కటి మిగలకుండ పట్టకారుతో తీసి కాల్చెయ్యాలె. మనం చేసేదేందంటే తీసి అక్కడే నేలమీద ఇసిరేస్తం, మళ్లీ ఈగల్ని మనమే పెంచినట్టు! పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ సూది కూడా ఉంది గానీ బరువుని బట్టి ఇయ్యాలె, పాలిచ్చే బర్రెకి డాక్టర్ని అడగకుండ అస్సలు వద్దు.

గొర్రె ఊకె తుమ్ముతూ ముక్కు నేలకి రాస్తుంటే సర్ది అనుకుంటం, అది ముక్కుల పురుగు పెట్టే ఇంకో ఈగ పని కావచ్చు.

2017ల సర్కారు 75 శాతం సబ్సిడీతో 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చినప్పుడు ఉన్న హడావుడి వాటి గాయాల మందు కాడ కనబడలేదు, మేం అడిగేది గదే. 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల డాక్టర్ బండి వస్తది, మంచిదే, కానీ నల్లమల అంచుకి మేపుకపోయిన మంద కాడ సిగ్నల్ ఎక్కడిది, డాక్టరొచ్చేదాక పురుగు ఆగుతదా? నట్టల మందు తాపనీకి ఊరూరు తిరుగుతనే ఉన్నరు కదా, వానలకి ముందు అదే బండిల గొర్లకాపర్లకి తలా ఒక సీసా టర్పెంటైన్, బొడ్డుకి పూసే అయోడిన్, ఒక పట్టకారు ఇచ్చి, ఎట్ల వాడాలెనో దొడ్డి కాడనే ఒక గొర్రె మీద చేసి చూపెట్టున్రి.