సంస్కర్త కావలెను, గది అడగరాదు

ఫ్రెంచి రిపబ్లిక్‌కు మతం అంటే ఏమిటో తెలియదు. ఇది నా నింద కాదు, వారి చట్టం. 1905 డిసెంబరు 9 నాటి శాసనం రెండో అధికరణం ప్రకారం రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదు, ఏ మతగురువుకూ జీతం ఇవ్వదు, ఏ ఆరాధనకూ దమ్మిడీ గ్రాంటు ఇవ్వదు. ఇంత పట్టుదలగా తెలియకుండా ఉండాలంటే సిబ్బంది కావాలి కదా! అందుకే హోం శాఖలో మత వ్యవహారాలకు ఒక కార్యాలయం పెట్టుకున్నారు. పోలీసులూ ఆ శాఖ కిందే ఉంటారు. ఆధ్యాత్మిక సందేహం ఏదైనా వస్తే బయటివారిని అడగనక్కర లేదు.

మినహాయింపులు లేకపోలేదు. అల్సాస్, మొజెల్ ప్రాంతాలు 1905లో జర్మనీ ఏలుబడిలో ఉన్నాయి. తర్వాత ఫ్రాన్సుకు తిరిగి వచ్చినా, 1801లో నెపోలియన్ పోపుతో చేసుకున్న ఒడంబడికే అక్కడ నేటికీ చెల్లుతోంది. కాథలిక్ ఫాదర్లకు, ప్రొటెస్టెంట్ పాస్టర్లకు, యూదు రబ్బీలకు ఖజానా నుంచే జీతాలు. ఇమాములకు లేవు. నెపోలియన్‌కు తట్టలేదు, తర్వాతివారు తట్టనివ్వలేదు. వలస అల్జీరియాలో మాత్రం వ్యవహారం తిరగబడింది. అక్కడి ఇమాములకు ప్రభుత్వమే భత్యం ఇచ్చేది, ఎందుకంటే భత్యం లేని ఇమాం ఏం మాట్లాడతాడో ఎవరు చెప్పగలరు? ఇక పారిస్ పెద్ద మసీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కోసం ప్రాణాలిచ్చిన ముస్లిం సైనికుల గౌరవార్థం 1920లో పార్లమెంటు 5 లక్షల ఫ్రాంకులు మంజూరు చేసింది. 1926లో దేశాధ్యక్షుడే వచ్చి ప్రారంభించాడు. సొమ్ము ఒక ధార్మిక సంఘం మీదుగా వెళ్లింది కాబట్టి చట్టానికి గీటు కూడా పడలేదు.

ఇలాంటి నియమనిష్ఠలు గల రిపబ్లిక్‌కు ఒకే ఒక్క కోరిక మిగిలింది. మానవతావాది, వివేకవంతుడు, పాత గ్రంథాన్ని కొత్త కళ్లతో చదవగలిగిన ముస్లిం ఒకరు కావాలి. ఏ మంత్రిని కదిలించినా ఇదే మాట. ఆశ్చర్యం ఏమిటంటే అటువంటివారు అక్కడే ఉన్నారు, అదీ ఒకరిద్దరు కారు. కహీనా బహ్‌లూల్ అనే విదుషి సూఫీ తాత్వికుడు ఇబ్న్ అరబీని ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. స్త్రీపురుషులు ఒకే హాలులో నమాజు చేసే, ఫ్రెంచిలో ప్రసంగం సాగే ఫాతిమా మసీదును తలపెట్టి, 2020లో పారిస్‌లో తానే ఇమాంగా నిలబడింది. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో ఎవా జనాదిన్, ఆన్-సోఫీ మొన్సినే అనే ఇద్దరు మహిళలు ఇటువంటి ప్రార్థననే నడిపారు. 2012లోనే లుదోవిక్-మొహమ్మద్ జాహెద్ స్వలింగ సంపర్కులకూ తలుపు తెరిచిన ప్రార్థనా మందిరం మొదలుపెట్టాడు.

మరి వీరంతా ఎక్కడ ప్రార్థిస్తారు? ఫాతిమా మసీదుకు మొదటి నమాజు నాడు సొంత గోడలు లేవు, అద్దె హాలే గతి. 2019 నాటి ప్రార్థన ఎక్కడ జరుగుతుందో భద్రత దృష్ట్యా ముందుగా బయటికి చెప్పలేదు. జాహెద్‌కు చోటిచ్చింది ఒక బౌద్ధ ధ్యాన మందిరం. బుద్ధుడు అభ్యంతరం చెప్పినట్టు సమాచారం లేదు.

గది లేకపోతే ఏమయిందని అడగకండి. 2003లో నాటి హోం మంత్రి సార్కోజీ చొరవతో ఫ్రెంచి ముస్లిం మత మండలి ఏర్పడింది. దాని ఎన్నికల్లో ఏ మసీదుకు ఎంతమంది ప్రతినిధులో ఎలా తేల్చారనుకున్నారు? భక్తుల సంఖ్యను బట్టి కాదు, పాండిత్యాన్ని బట్టి అసలే కాదు. మసీదు నేల వైశాల్యాన్ని బట్టి. ఎన్ని చదరపు మీటర్లు ఉంటే అంత పలుకుబడి. రెవెన్యూ శాఖకు తప్ప మరొకరికి తట్టని ఈ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. వైశాల్యం ఎవరికి ఉంటుంది? అల్జీరియా, మొరాకో, టర్కీ ప్రభుత్వాల అండ ఉన్నవారికి. అంటే రిపబ్లిక్ తన సొంత ఇస్లాంను తయారు చేసుకోవడానికి పరాయి దేశాల రాయబార కార్యాలయాలతో కూర్చుని మాట్లాడింది. బహ్‌లూల్ గారి వాటా సున్నా చదరపు మీటర్లు కాబట్టి ఆమె అభిప్రాయం కూడా అంతే.

సార్కోజీ మండలితో పని సాగకపోయేసరికి 2016లో ఫ్రాన్సు ఇస్లాం ప్రతిష్ఠానం వచ్చింది. దానికి తొలి అధ్యక్షుడు జాన్-పియెర్ షెవెన్మాన్. ఆయన ముస్లిం కాడు, మాజీ హోం మంత్రి. అర్హతల్లో ముఖ్యమైనది ఉంది కదా. 2020 నవంబరులో అధ్యక్షుడు మాక్రోన్ మండలిని పిలిచి రిపబ్లిక్ విలువలకు కట్టుబడే ప్రకటన పత్రం తయారు చేయమని పదిహేను రోజుల గడువు ఇచ్చాడు. కాథలిక్ చర్చి మత స్వేచ్ఛను అధికారికంగా ఒప్పుకోవడానికి 1965 దాకా పట్టింది. దానికి గడువు పెట్టే నాథుడు లేకపోవడమే కారణమై ఉంటుంది. పత్రం జనవరిలో వచ్చింది. మండలిలోని తొమ్మిది మసీదు సమాఖ్యల్లో మూడు సంతకం పెట్టబోమన్నాయి. 2022లో మరో వేదిక ఏర్పాటయింది. ఇందులో ఎన్నికల గొడవే లేదు, ప్రిఫెక్టులు, అంటే జిల్లాల్లోని ప్రభుత్వ ప్రతినిధులు, పిలిచినవారే వస్తారు.

మొహమ్మద్ అర్కూన్ గుర్తుకొస్తున్నాడు. అల్జీరియాలోని కబీలియా కొండల్లో పుట్టి పారిస్ సోర్బోన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఈయన ఇస్లామిక్ ఆలోచనను చరిత్ర వెలుగులో చదవాలని జీవితమంతా పోరాడాడు. 2003లో లౌకికత్వంపై వేసిన స్తాజీ కమిషన్‌లో ఆయనను సభ్యుడిని చేశారు. బడులకు బక్రీదుకూ, యూదుల యోమ్ కిప్పూర్‌కూ సెలవు ఇవ్వాలని, ఇస్లాం అధ్యయనానికి జాతీయ స్థాయి విద్యాలయం పెట్టాలని, ఇంకా ఎన్నో ఆ కమిషన్ చెప్పింది. 2004 మార్చిలో చట్టంగా వచ్చింది మాత్రం ఒక్కటే, ప్రభుత్వ బడిలో తలగుడ్డ వంటి కొట్టొచ్చే మతచిహ్నాల నిషేధం. మిగతావి చదివేటప్పుడు వెలుతురు సరిపోలేదేమో.

అయితే సంస్కర్తలకు పని లేదనుకోవడం పొరపాటు. ఎక్కడ బాంబు పేలినా, కత్తి లేచినా సాయంత్రానికల్లా టీవీ నుంచి కబురు వస్తుంది. ఖండిస్తారా అని అడుగుతారు. ఖండిస్తారు. గట్టిగా ఖండిస్తారా అని మళ్లీ అడుగుతారు. పారిస్ శివారు డ్రాన్సీ ఇమాం హసన్ షల్గూమీ ఈ పని ఏళ్ల తరబడి చేశాడు. ఫలితంగా పోలీసు కాపలాలో బతుకుతున్నాడు, పైగా ఆయన ఫ్రెంచి ఉచ్చారణ మీద జోకులు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నారు కానీ, ఇక్కడ చెరువుకు కూడా కోపమే. ఛాందసులు వీరు ముస్లింలే కారంటారు. వామపక్షంలో కొందరు ప్రభుత్వ కీలుబొమ్మలంటారు. కుడిపక్షంవారు ఇంత మంచివారు ఉండటం అసాధ్యం కనుక ఇది నటనే అని తేలుస్తారు.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. స్త్రీ ఇమాం కావచ్చని మీరు దేని ఆధారంగా అంటున్నారు? జవాబు అబూ దావూద్ కూర్చిన హదీసుల, అంటే ప్రవక్త మాటలూ చేతల కథనాల, సంకలనంలో ఉంది. ఉమ్మ్ వరఖా అనే మహిళను ఆమె ఇంటివారికి నమాజు చేయించమని ప్రవక్త చెప్పారు. ఇది పారిస్ కాఫీ హోటల్లో పుట్టిన ముచ్చట కాదు. మన ఉస్మానియాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, 1948లో హైదరాబాద్ సంస్థానం విలీనమయ్యాక దేశం లేని మనిషిగా పారిస్‌లో ఉండిపోయిన పండితుడు మహమ్మద్ హమీదుల్లా కూడా ఈ హదీసును తన ఉపన్యాసాల్లో ప్రస్తావించాడు. ఆయన సంస్కర్తల కోవకు చెందినవాడు కాదు, నిఖార్సయిన సంప్రదాయవాది. 1959లో ఆయన చేసిన ఖురాన్ అనువాదాన్ని ఫ్రెంచి ముస్లింలు తరతరాలుగా చదువుతున్నారు. చర్చకు కావలసిన సరంజామా ఇంత ఉంది. కానీ హదీసు ప్రామాణికతను తేల్చే వ్యవధి టీవీలో వాణిజ్య ప్రకటనల విరామాల మధ్య దొరకదు.

అందుచేత హోం శాఖకు నాదొక సవినయ సూచన. చదరపు మీటర్ల పద్ధతినే మళ్లీ తెండి, ఒక చిన్న సవరణతో. టీవీ స్టూడియోల నేలను కూడా ప్రార్థనా స్థలంగా లెక్కలో చేర్చండి. మర్నాడే సంస్కర్తలకు మండలిలో తిరుగులేని మెజారిటీ వస్తుంది, ఖజానాకు ఒక్క యూరో ఖర్చు ఉండదు, 1905 చట్టమూ చెక్కుచెదరదు.