వజ్రాల సెన్సర్లు బరంపురం దాకా రావాలి

పరమాణువుల స్థాయి ధర్మాలను వాడుకునే పరిశోధనల కోసం పెట్టిన జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 2023 ఏప్రిల్‌లో కేంద్రం 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో సెన్సర్ల విభాగానికి ఐఐటీ బొంబాయి కేంద్రమైంది. సరే, పెద్ద పనులు పెద్ద చోట్లే మొదలవుతాయి. కానీ వజ్రంతో అతి స్వల్ప కరెంటును దాని అయస్కాంత క్షేత్రం ద్వారా పట్టుకునే సెన్సర్ల విద్య ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కళాశాలలకు అందనిదేమీ కాదు.

అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే అత్యంత సున్నితమైన స్క్విడ్ (అతివాహక) సెన్సర్లను మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో ఉంచాలి. ఆ ఖర్చు చిన్న ఊరి కళాశాల భరించలేదు. కృత్రిమ వజ్రం మాత్రం గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. అందులో నైట్రోజన్ చేరి, పక్కనే ఒక చోటు ఖాళీ అయితే, ఆకుపచ్చ లేజర్ పడగానే ఎర్రగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలితే ఆ వెలుగు కాస్త తగ్గుతుంది. దగ్గర్లో కరెంటు పారితే దాని అయస్కాంత క్షేత్రం వల్ల ఆ పౌనఃపున్యం నానోటెస్లాకు (క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రమాణం) 28 హెర్ట్జ్ చొప్పున పక్కకు జరుగుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఒక మిల్లీఆంపియర్ పారే తీగకు సెంటీమీటరు దూరంలో క్షేత్రం 20 నానోటెస్లాలు. అంటే జరిగేది 560 హెర్ట్జ్. భూమి క్షేత్రమేమో 40 వేల నానోటెస్లాలకు పైమాటే. వేడి మరీ మోసకారి: వజ్రం ఒక్క డిగ్రీ వేడెక్కితే 74 కిలోహెర్ట్జ్ తేడా వస్తుంది, మనం వెతికేదానికి 130 రెట్లు! మే నెల గంజాం ఎండలో ఏసీ లేని ప్రయోగశాలను ఊహించుకోండి.

అయితే క్షేత్రంలో ఆ పౌనఃపున్యం రెండుగా చీలుతుంది. వేడి రెండింటినీ ఒకే వైపు నెడితే, క్షేత్రం చెరో వైపు లాగుతుంది. తేడా తీస్తే వేడి పోతుంది. తీగ క్షేత్రం దానికి అటూ ఇటూ ఎదురు దిశల్లో ఉంటుంది, భూమిది రెండు వైపులా ఒకటే; కాబట్టి రెండు వైపులా వజ్రాలు పెట్టి ఒకదాని రీడింగ్‌లోంచి మరొకదాన్ని తీసివేస్తే భూమి వాటా కూడా పోతుంది. జపాన్ పరిశోధకులు 2022లో ఇలాగే వాహన బ్యాటరీల కోసం కరెంటును వేయి ఆంపియర్ల దాకా, 10 మిల్లీఆంపియర్ల కచ్చితత్వంతో కొలిచి చూపారు. అయస్కాంత సూది తిరుగుడుతో కరెంటు కొలిచే టాంజెంట్ గాల్వనామీటరుతో కుస్తీ పట్టి, ఇనుప స్టూలు దూరంగా జరిపి, కరెంటు దిశ మార్చి మళ్లీ రీడింగ్ తీసిన డిగ్రీ విద్యార్థికి ఈ తర్కం పరాయిది కాదు.

అతిగా ఊరించడమూ తప్పే. ఇంట్లో లీకేజీకి 30 మిల్లీఆంపియర్లకే పడిపోయే బ్రేకరు చాలు, వజ్రం దండగ. తీగ తెంపి మీటరు పెట్టలేని చోట, ముఖ్యంగా చిప్‌ల లోపల, దీని అవసరం ఉంది. ఆ పనికి ఇప్పుడు కొరత వజ్రాలది కాదు, అక్కరలేని సంకేతాన్ని ఓపిగ్గా ఏరేసే మనుషులది. అందుకే మిషన్ నిధులతో బరంపురంలోని కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో ఒక శిక్షణ ప్రయోగశాల పెట్టి, చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల వారికి తలుపులు తెరవాలి. ప్రయోగ పుస్తకం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉంటే మరీ మంచిది.